గోడ తొర్రలోని తేనెపట్టును పెట్టెలోకి మార్చడం ఎలా?

సంక్రాంతి వెళ్లి మామిడి పూత రాలుతున్న రోజుల్లో మొదలవుతాయి ఈ కబుర్లు. కరెంటు మీటరు పెట్టెలో ఈగలు చేరాయంటారు ఒకరు. పెంకుటింటి గోడలోనో, పాత బావి రాళ్ల సందుల్లోనో, పెరట్లో బోర్లించిన డ్రమ్ము కిందో పట్టు పెట్టాయంటారు ఇంకొకరు. ఇంటివాళ్లకు వెంటనే తోచేవి రెండే: రాత్రిపూట కాగడా పెట్టడం, లేకపోతే దోమల మందు కొట్టడం. రెండూ వద్దు. ఆ ఈగలను పట్టుతో సహా చెక్కపెట్టెలోకి మార్చి పెరట్లోనో మేడమీదో పెంచుకోవచ్చు. రెండు చేతులు, కాస్త ఓపిక, ఒక సాయంత్రం చాలు.

సంక్రాంతి నుంచి ఉగాది దాటిన కొన్ని వారాల వరకు దీనికి మంచి అదను. ఎండలు ఇంకా ముదరవు కాబట్టి మైనం మెత్తబడి చేతిలో విరగదు. ముందు వేప, నేరేడు, ఆ వెనక కానుగ, చింత వరసగా పూస్తాయి. ఉగాది పచ్చడికి మనం వేపపువ్వు దులుపుకునే రోజుల్లోనే ఈగలూ ఆ చెట్టు మీద ఉంటాయి. తిండి దండిగా దొరికే కాలం కాబట్టి ఇల్లు మారిన దెబ్బ నుంచి త్వరగా తేరుకుంటాయి. ఇదే పని ఆగస్టులో చేస్తే పదింట ఎనిమిది పట్లు నిలవవన్నా నేను ఆశ్చర్యపోను.

పని మొదలుపెట్టే ముందు ఒక్క విషయం మనసులో నాటుకోవాలి. తేనెటీగలు పిల్లల కోసం నిలుస్తాయి. ఎంత మంచి పెట్టె పెట్టినా లోపల పిల్లలున్న పట్టు లేకపోతే తెల్లారేసరికి లేచిపోతాయి. తేనె పోతే మళ్లీ తెచ్చుకుంటాయి, గోడ పోతే ఇంకో గోడ వెతుక్కుంటాయి, కానీ పిల్లలను వదిలి వెళ్లడానికి వాటికి మనసొప్పదు. కింద చెప్పే ప్రతి అడుగూ ఆ పిల్లల పట్టును చెడకుండా పెట్టెలోకి చేర్చడానికే.

ముందు అది ఏ ఈగో చూడండి

అన్ని తేనెటీగలూ పెట్టెలో ఉండవు. నీళ్ల ట్యాంకు కింద, అపార్టుమెంటు సన్‌షేడ్ కింద, పెద్ద మర్రికొమ్మకు ఒకే ఒక్క పెద్ద పట్టు బయటికి వేలాడుతుంటే అవి కొండ తేనెటీగలు. వాటి జోలికి పోకండి. కదిలిస్తే గుంపుగా వెంటపడతాయి, ప్రాణం మీదికి వస్తుంది. పైగా అవి వలస ఈగలు, కాలం మారగానే తమంతట తామే వెళ్లిపోతాయి. ఇంటివాళ్లకు ఆ మాట చెప్పి, కిటికీకి దోమతెర కొట్టించుకుని, రాత్రి ఆ వైపు లైటు ఆర్పుకోమంటే చాలు. పొదలో చిన్న పుల్ల చుట్టూ అరచేయంత పట్టు కనిపిస్తే అవి చిన్న తేనెటీగలు. అవీ పెట్టెలో నిలవవు, అక్కడే ఉండనివ్వండి.

మనకు కావలసినవి పుట్ట తేనెటీగలు. చీకటి తొర్రలో పక్కపక్కన నాలుగైదు, ఒక్కోసారి ఏడెనిమిది పట్లు వరసగా పెడతాయి. బయట కనిపించేది చిన్న కన్నం, దానిలోంచి వచ్చిపోయే నలుపు పసుపు చారల ఈగలు మాత్రమే. వాటిలో కొన్ని కాళ్లకు పుప్పొడి ముద్దలతో వస్తున్నాయంటే లోపల పిల్లలున్నట్టే, పట్టు ఆరోగ్యంగా ఉన్నట్టే.

ఈ ఈగల గురించి ఇంకో సంగతి. 1990ల మొదట్లో థాయ్ సాక్‌బ్రూడ్ అనే వైరస్ దక్షిణాది పుట్ట తేనెటీగల్లో చాలా భాగాన్ని తుడిచిపెట్టింది. ఈనాడు మన గోడల్లో, తొర్రల్లో కనిపిస్తున్నవి ఆ గండం గడిచి మిగిలిన పట్ల సంతతి. ఎవరో కొని తెచ్చి పెట్టిన ఈగలు కావవి, మన వానకూ ఎండకూ అలవాటుపడినవి. కాల్చేసిన ప్రతి పట్టూ నాకు అందుకే బాధ కలిగిస్తుంది.

ఇంటివాళ్లను ఒక ప్రశ్న తప్పకుండా అడగండి: ఇదివరకు మందేమైనా కొట్టారా? కొట్టామంటే ఆ తేనె ఎవరూ తినకూడదు, ఈగలకు తిరిగి పెట్టకూడదు. పట్టు మీటరు పెట్టెలో ఉంటే లైన్‌మన్ వచ్చి కరెంటు తీసేదాకా చెయ్యి పెట్టకండి. నిచ్చెన ఎక్కాల్సిన ఎత్తులో ఉంటే మొదటిసారి ఆ పని ఒప్పుకోకండి.

సిద్ధం చేసుకోవలసినవి

పెట్టె న్యూటన్ రకం తీసుకోండి. 20వ శతాబ్దం తొలి రోజుల్లో దక్షిణాదిలో పనిచేసిన న్యూటన్ అనే ఫాదర్ మన ఈగ ఒడ్డూ పొడుగూ చూసి చేసిన పెట్టె ఇది. కింద పిల్లల గది, అందులో ఏడు ఫ్రేములు (పట్టును పట్టి ఉంచే చెక్క చట్రాలు), ఒక్కో ఫ్రేము లోపలి కొలత సుమారు 20 సెంటీమీటర్ల పొడవు, 14 సెంటీమీటర్ల ఎత్తు. పైన పొట్టిగా తేనె గది. ఐరోపా ఈగలకు వాడే పెద్ద లాంగ్‌స్ట్రాత్ పెట్టె చవగ్గా దొరికిందని తెచ్చుకోవద్దు. అంత చోటును మన ఈగలు కప్పలేవు, కప్పలేని పట్టును మైనపు పురుగు పట్టుకుంటుంది. దగ్గరలోని కృషి విజ్ఞాన కేంద్రంలో అడిగితే పెట్టెలెక్కడ దొరుకుతాయో, శిక్షణ ఎప్పుడో చెబుతారు.

పెట్టెతో పాటు ముఖానికి వల, పొడుగు చేతుల లేతరంగు చొక్కా, పొగడబ్బా, అందులోకి కొబ్బరి పీచు, పదునైన పొడుగు కత్తి, మెత్తటి బ్రష్షు లేదా కోడి ఈక, మూతున్న గిన్నె, బకెట్ నీళ్లు, టార్చి. అన్నిటికన్నా ముఖ్యం అరటి నార. ఎండిన అరటి దొప్పను సన్నగా చీల్చి, ఒక గంట నీళ్లలో నానబెట్టండి. ప్లాస్టిక్ దారం, రబ్బరు బ్యాండు వాడేవాళ్లున్నారు. నాకు నారే నచ్చుతుంది. పట్టు ఫ్రేముకు అతుక్కున్నాక ఈగలే దాన్ని కొరికి బయట పారేస్తాయి.

సెంటు పూసుకుని వెళ్లకండి. ఒంటరిగా వెళ్లకండి. ఇదివరకు ఈగ కుడితే ఒళ్లంతా దద్దుర్లు, ఊపిరి ఆడకపోవడం, పెదాలు వాయడం లాంటివి వచ్చినవాళ్లు ఈ పనికి రాకూడదు. పని మధ్యలో ఎవరికైనా అలా మొదలైతే పట్టును అక్కడే వదిలేసి ఆసుపత్రికి పరుగెత్తాలి. మామూలుగా కుడితే గోటితో ముల్లును వెంటనే గీకి తీసేయండి. అది చర్మంలో ఉన్నంతసేపూ విషం దిగుతూనే ఉంటుంది. కుట్టినచోట వచ్చే వాసనకు మిగతావీ అక్కడికే వస్తాయి, కాబట్టి నీళ్లతో కడిగి కాస్త పొగ పట్టించండి.

పట్టు కోసే సాయంత్రం

నాలుగు గంటలకు మొదలుపెడితే చీకటి పడేలోగా పొలం వెళ్లిన ఈగలు కూడా ఇల్లు చేరతాయి. మబ్బు పట్టిన రోజు, గాలి వీచే రోజు వాయిదా వేసుకోండి. రాత్రిపూట మాత్రం వద్దే వద్దు. చీకట్లో ఈగలు ఎగరవు, ఒంటి మీదికి పాకుతాయి.

కన్నం దగ్గర మూడు నాలుగు సార్లు పొగ వదలండి. వేడి పొగ కాదు, చేతి మీద పట్టి చూస్తే చల్లగా తగలాలి. రెండు నిమిషాలు ఆగండి. పొగ తగిలిన ఈగలు తేనె తాగి పొట్ట నింపుకుంటాయి, కుట్టే కోపం తగ్గుతుంది. ఆ తర్వాత ఇటుకో పలకో నెమ్మదిగా తీసి పట్లు ఏ వైపుగా వేలాడుతున్నాయో టార్చితో చూడండి. ఇక్కడ తొందరపడకండి. ఎన్ని పట్లు, పిల్లలు ఎక్కడ, తేనె ఎక్కడ అన్నది చూసి గుర్తుపెట్టుకోండి. సాధారణంగా అంచున ఉన్న పట్లలో, ప్రతి పట్టు పై భాగంలో తేనె ఉంటుంది. మధ్య పట్ల కింది భాగంలో పిల్లలుంటాయి. లేత గోధుమరంగు మూతలున్నవి ఈగలుగా మారబోతున్న ప్యూపాలు, తెల్లగా ముడుచుకుని కనిపించేవి పురుగు దశలో ఉన్నవి.

అంచు పట్టుతో మొదలుపెట్టండి. ఒక చేత్తో కింద నుంచి పట్టి, పైన గోడకు అతికిన చోట కత్తితో కోయండి. దాని మీది ఈగలను ఈకతో తొర్రలోకే తోసేయండి. తేనె పట్టయితే వెంటనే గిన్నెలో వేసి మూత పెట్టేయండి. తేనె కారితే ఈగలు తడిసి చస్తాయి, చీమలు వస్తాయి, ఊళ్లోని వేరే ఈగలూ దోచుకోవడానికి దిగుతాయి. తేనె బరువున్న పట్టును ఫ్రేముకు కట్టాలన్న ఆశ వదులుకోండి. రాత్రికి రాత్రే విరిగి పడి కింద పిల్లలను నలిపేస్తుంది.

పిల్లల పట్టును మాత్రం పసిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకోవాలి. పైన తేనె ఉన్న భాగాన్ని అడ్డంగా కోసి తీసేయండి, మిగిలినది ఫ్రేములో పట్టేలా అంచులు సరిచేయండి. పై అంచు ఫ్రేము పైకర్రకు ఆనేలా పెట్టి, తడి నారతో రెండుచోట్ల నిలువుగా కట్టండి. పట్టు తొర్రలో ఎలా వేలాడిందో అలాగే ఉండాలి, తలకిందులు కాకూడదు. పట్టులోని చిన్న గదులు కొంచెం పైకి వాలి ఉంటాయి, తిరగేస్తే గుడ్లూ పురుగులూ పాడవుతాయి. పిల్లల పట్లన్నీ పక్కపక్కనే, తొర్రలో ఉన్న వరసలోనే పెట్టె మధ్యలో పెట్టండి. పిల్లలకు 34, 35 డిగ్రీల వెచ్చదనం కావాలి. పని సాగుతున్నంతసేపూ కట్టిన ఫ్రేము మీద తడి గుడ్డ కప్పి ఉంచండి, ఎండలో మాత్రం పెట్టకండి.

ఇక రాణి. పట్లు తీసేకొద్దీ ఈగలు తొర్రలో ఒక మూలకు చేరి గుత్తిగా నిలుస్తాయి. తొంభై పాళ్లు రాణి ఆ గుత్తిలోనే ఉంటుంది. పొట్ట పొడుగ్గా, ఒళ్లు ముదురు రంగులో, నడక బరువుగా ఉంటుంది. కనబడితే రెక్కలు నలగకుండా, సూదితో గాలి కన్నాలు పొడిచిన అగ్గిపెట్టెలోకి పాకనిచ్చి, ఆ అగ్గిపెట్టెను పిల్లల ఫ్రేముల మధ్య ఉంచండి. మర్నాడు వదిలేయొచ్చు. కనబడకపోతే కంగారు పడొద్దు. గుత్తిని అట్టముక్కతోనో గిన్నెతోనో ఎత్తి ఫ్రేముల మీద పోసి మూత పెట్టేయండి. పెట్టె గుమ్మం పాత కన్నం ఉన్న ఎత్తులోనే, దాని పక్కనే ఉండేలా పెట్టండి.

ఇప్పుడు ఒక అరగంట దూరంగా కూర్చుని చూడండి. కొన్ని ఈగలు పెట్టె గుమ్మం మీద నిలబడి, తోక పైకెత్తి, రెక్కలు ఆడిస్తుంటే రాణి లోపలుంది. రమ్మని మిగతావాటికి కబురు పంపే వాసన అది. నాకు ఈ పనంతటిలో అన్నిటికన్నా ఇష్టమైన అరగంట ఇదే. గోడ మీద చెల్లాచెదురుగా ఉన్న ఈగలు బారులు తీరి పెట్టెలోకి నడిచి వెళ్తాయి. అలా కాక మళ్లీ తొర్రలోకే పోతున్నాయంటే రాణి ఇంకా అక్కడే ఉంది. మళ్లీ టార్చి వేసి, ఆ కొత్త గుత్తిని కూడా ఎత్తుకు రావాలి.

చీకటి పడ్డాక గుమ్మాన్ని ఇనుప వలతో మూయండి. తొర్రలో మిగిలిన మైనం గీకేసి, సున్నం రాసి, కన్నం సిమెంటుతో పూడ్చేయమని ఇంటివాళ్లకు చెప్పండి. మైనం వాసన మిగిలితే వచ్చే ఏడు ఇంకో గుంపు అక్కడికే వస్తుంది.

కొత్త చోటు

పెట్టెను ఆ రాత్రే కనీసం రెండు కిలోమీటర్ల అవతలికి తీసుకెళ్లాలి. అదే వీధిలో నాలుగిళ్ల అవతల పెడితే మర్నాడు బయటికి వెళ్లిన ఈగలన్నీ పాత గోడ దగ్గరికే వెళ్లి తిరుగుతుంటాయి. అదే ఆవరణలో ఉంచక తప్పదంటే రోజుకు అడుగు, రెండడుగుల చొప్పున జరుపుతూ పోవాలి. బండిలో పెట్టేటప్పుడు ఫ్రేములు బండి సాగే దిక్కుకే ఉండాలి, అడ్డంగా ఉంటే బ్రేకు వేసినప్పుడల్లా ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి.

పొద్దుటి ఎండ తగిలి, మధ్యాహ్నం నీడ పడే చోటు చూడండి. గుమ్మం తూర్పుకు ఉంటే మంచిది, ఎదురుగా మనుషులు నడిచే దారి ఉండకూడదు. రాత్రి ట్యూబులైటు వెలుగు పడే చోటు అసలు పనికిరాదు, ఈగలు లైటు చుట్టూ తిరిగి చచ్చిపోతాయి. స్టాండు నాలుగు కాళ్ల కింద నీళ్లు పోసిన గిన్నెలు పెట్టి, వాటిలో రెండు చుక్కల నూనె వేయండి. చీమలు ఎక్కిన పట్టు రెండో రోజుకు ఉండదు. గిన్నెలు ఎండాయా అని రోజూ చూసుకోవాలి, ఎండుటాకు ఒక్కటి వంతెనగా పడ్డా చాలు వాటికి.

మొదటి పదిహేను రోజులు

గుమ్మానికి రాణి గేటు బిగించండి. కూలీ ఈగలు వెళ్లగలవు, రాణి వెళ్లలేదు. వారం తర్వాత తీసేయండి, ఎక్కువ రోజులు ఉంచితే పోతు ఈగలు లోపలే ఇరుక్కుంటాయి.

గ్లాసు నీళ్లు కాచి, గ్లాసు పంచదార కలిపి చల్లార్చి, కొబ్బరి చిప్పలో పోసి, ఈగలు మునగకుండా పుల్లలు వేసి, పొద్దుగూకాక పెట్టె లోపల ఉంచండి. బెల్లం వద్దు, వాటికి పడదు, విరేచనాలు పట్టుకుంటాయి. పగటిపూట పెట్టినా, బయట ఒలికినా దోపిడీ మొదలవుతుంది. వేప బాగా పూస్తుంటే వారం చాలు.

అగ్గిపెట్టెలోని రాణిని వదలడానికి, పాకం పెట్టడానికి తప్ప నాలుగు రోజులదాకా మూత తీయకండి. ఆత్రం నాకు తెలుసు, అయినా ఆగండి. తెరవకుండానే తెలిసేవి చాలా ఉన్నాయి. పుప్పొడి వస్తోందా చూడండి. పెట్టెను వేలితో తట్టి చెవి ఆనిస్తే ఒక్కసారి బుస్సుమని వెంటనే ఆగిపోవాలి. ఆగకుండా ఏడుపులా సాగితే రాణి లేదని అనుమానించాలి. ఐదో రోజుకో ఆరో రోజుకో గుమ్మం ముందు సన్నటి నార తుంపులు కనబడతాయి. రెండు మూడు ఈగలు కలిసి ఒక పోగును నోటితో లాక్కుంటూ వచ్చి గుమ్మం అంచు నుంచి కిందకు పడేస్తుంటాయి. పట్టు ఫ్రేముకు అతుక్కుంది, ఇల్లు తమదనుకున్నాయి అని దానర్థం.

వారం తర్వాత పొద్దున్నే కాస్త పొగ వేసి తెరవండి. ఫ్రేమును పైకెత్తి, ఎండ మీ భుజం మీదుగా పట్టు మీద పడేలా పట్టుకోండి. గది అడుగున ఒక్కో తెల్లటి గుడ్డు నిలబడి ఉంటే రాణి పని చేస్తోంది. ఆమెను వెతకాల్సిన అవసరం లేదు, మూసేయండి. గుడ్లు లేక, పట్టు మీద రాణి గదులు (కొత్త రాణిని పెంచే పెద్ద గదులు) కనిపిస్తే పాత రాణి పోయింది, ఈగలే కొత్తదాన్ని పెంచుకుంటున్నాయి. రాణి గేటు ఇంకా ఉంటే తీసేయండి, కొత్త రాణి పోతులతో కలవడానికి బయటికి ఎగరాలి. మూడు నాలుగు వారాలు ఓపిక పట్టండి.

గుంపు విడిపోకముందే

మార్చి, ఏప్రిల్‌లో పట్టు బలిస్తే ఈగలు రెండుగా చీలే ప్రయత్నం చేస్తాయి. ముందుగా పోతు ఈగల గదులు పెరుగుతాయి. వాటి మూత ఉబ్బి, మధ్యలో సూదిమొనంత రంధ్రంతో ఉంటుంది. ఆ తర్వాత పట్టు కింది అంచున రాణి గదులు కిందికి వేలాడుతూ కనిపిస్తాయి. ఈ దశలో రాణి గదులను గిల్లేసి ఊరుకునేవాళ్లున్నారు. అది నాకు నచ్చని పద్ధతి, నాలుగు రోజుల్లో మళ్లీ కడతాయి. పట్టును మీరే విడదీయండి. పాత రాణిని, మూత వేసిన పిల్లలున్న రెండు మూడు ఫ్రేములను, వాటి మీది ఈగలతో సహా కొత్త పెట్టెలో పెట్టి దూరంగా తీసుకెళ్లండి. పాత పెట్టెలో బాగా పెరిగిన రాణి గది ఒకటి ఉంచి మిగతావి తీసేయండి. అడవి ఈగలను వెతికే పని లేకుండానే రెండో పెట్టె తయారు.

గుంపు అప్పటికే లేచి కొమ్మకు గుత్తిగా వేలాడుతుంటే అది ఇంకా సులువు. పొట్టనిండా తేనెతో, కాపాడుకోవడానికి పిల్లల్లేకుండా ఉంటాయి కాబట్టి కుట్టడం తక్కువ. నీళ్లు సన్నగా చిలకరించి, కింద పెట్టె పట్టి, కొమ్మను ఒక్కసారి గట్టిగా విదిలించండి. మీ ఇంకో పెట్టెలోంచి పిల్లల ఫ్రేము ఒకటి తెచ్చి ఇందులో పెట్టడం మరవకండి.

ఎండాకాలం, తేనె, వాన

తొలి ఏడు తేనె మీద ఆశ పెట్టుకోవద్దు. తర్వాతి ఏళ్లలో ఒక పెట్టెకు ఐదు కిలోలు వస్తే మంచి పట్టే. తేనె గదిలోని పట్లలో ముప్పాతిక చిన్న గదులకు మూత పడ్డాకే తీయాలి, పిల్లల గదిలోని తేనె ఎన్నడూ తీయకూడదు. తేనె నాకించే అలవాటున్న ఇళ్లలో ఒక మాట చెప్పండి: ఏడాది నిండని పిల్లలకు ఏ తేనె అయినా పెట్టకూడదు.

మే నెలలో పెట్టె మీద తడి గోనెపట్టా, దగ్గర్లో గులకరాళ్లు వేసిన నీళ్ల పళ్లెం ఉండాలి. చుట్టుపక్కల మిరప, పత్తి, పొద్దుతిరుగుడు వేసిన రైతులతో ముందే మాట్లాడి పెట్టుకోండి. మందు కొట్టే రోజు చెబితే ఆ పూట గుమ్మానికి వల బిగించొచ్చు. సాయంత్రం కొడితే ఇంకా మేలు, ఈ ఈగల వల్ల పొద్దుతిరుగుడు గింజ బాగా కడుతుందని వాళ్లకూ తెలుసు. పసులపోలిగాడు లాంటి పిట్టలు, కందిరీగలు కొన్నిటిని పట్టుకుంటాయి, దానికి బెంగపడక్కర్లేదు. భయపడాల్సింది మైనపు పురుగుకు. వారానికోసారి అడుగు పలక తుడిచి, ఈగలు కప్పని పట్టును తీసేస్తే అది చేరదు. పురుగు దశలోని పిల్లలు గదిలో నిటారుగా, నీళ్ల సంచిలా ఉబ్బి చనిపోయి కనిపిస్తే అది సాక్‌బ్రూడ్. దానికి మందు లేదు. ఆ పట్లు కాల్చేయండి, ఆ పెట్టె ఫ్రేములు వేరే పెట్టెలోకి మార్చకండి, చేతులు కడుక్కోకుండా ఇంకో మూత తీయకండి.

జూలై నుంచి పూలు తగ్గుతాయి. ఖాళీ ఫ్రేములు తీసేసి ఈగలు కప్పగలిగినన్నే ఉంచండి, గుమ్మం సన్నం చేయండి, వారానికి రెండుసార్లు పంచదార పాకం పెట్టండి. పిల్లలు లేవు, పుప్పొడి రావడం లేదు, అడుగున మైనం పొడి రాలుతోంది అంటే పట్టు లేచిపోవడానికి సిద్ధమవుతోంది. ఆ రోజే ఇంకో పెట్టెలోంచి పిల్లల ఫ్రేము ఒకటి తెచ్చి మధ్యలో పెట్టి, రాణి గేటు మళ్లీ బిగించండి. సెప్టెంబరు, అక్టోబరుల్లో రేగు పూసి, పుప్పొడి కాళ్ల ఈగలు గుమ్మం దగ్గర మళ్లీ పెరిగాక పాకం ఆపేయొచ్చు.